లోకో షెడ్డుకు నడిచి వెళ్ళిన పిల్ల, మా పైడమ్మ పెద్దమ్మ

నిన్న పొద్దున బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో కూరలు కొంటున్నాను. ఫోన్ మోగింది.

దయాల్‌బంద్ నుంచి తమ్ముడు.

"అక్కా, పెద్దమ్మ లెగలేదే" అన్నాడు.

తొంభై దాటిన మనిషి. ఈ ఫోన్ ఎప్పుడో ఒకరోజు వస్తుందని తెలుసు. అయినా ఎవరిదో దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. దుకాణం ఆయన నీళ్ళిచ్చాడు. తాగానో లేదో గుర్తు లేదు.

పైడమ్మ పెద్దమ్మ మా అమ్మకు అక్క. తండ్రి ఒకరే, తల్లులు వేరు.

మా అమ్మ చనిపోయిన ఏడాది ఒక మధ్యాహ్నం పెద్దమ్మ తన చిన్నతనం గురించి చెప్పింది. అడిగితే మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపించండి.

బ్రిటిష్ వాళ్ళ కాలం. తాతయ్య విజయనగరం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో ఫైర్‌మన్ అయ్యాడు. ఇంజిన్‌లో బొగ్గు వేసే పని. డ్యూటీకి వెళ్తే రెండు రోజులు రాడు, వస్తే నిద్ర.

పెద్దమ్మకు మూడేళ్ళప్పుడు తల్లి పోయింది. తాతయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చిన మా అమ్మమ్మకు పదహారేళ్ళు. ఆవిడ ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదట. అసలు ఆ పిల్ల వైపే చూసేది కాదు.

మిగిలితే తినేది. వసారాలో గోనెసంచి మీద పడుకునేది. తల దువ్వేవాళ్ళు లేక జుట్టంతా అట్టకట్టి, పేలు పడి, పుళ్ళు పడ్డాయి.

ఎనిమిదేళ్ళప్పుడు అమ్మమ్మ పుట్టింట్లో పెళ్ళి. ఇంటికి కాపలా ఉండమని పెద్దమ్మను ఒక్కదాన్నే క్వార్టర్‌లో వదిలి తాతయ్య, అమ్మమ్మ వెళ్ళారు. నాలుగు రోజులన్నారు. పన్నెండు రోజులైంది.

వండిపెట్టి వెళ్ళిన అన్నం రెండో రోజుకే అయిపోయింది. ఆ తర్వాత పచ్చి బియ్యం నమిలేది.

పక్క క్వార్టర్‌లో ఫూల్‌బాయి అని ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది. ఆమె చూసింది. "ఆ నోనీ, బైఠ్" అని, అంటే రా పాపా కూర్చో అని, పిలిచి అన్నం పెట్టింది. జుట్టు మొత్తం కత్తిరించి, వేపనూనె రాసి, సబ్బుతో రుద్ది స్నానం చేయించింది. తన కూతురి గౌను తొడిగింది.

ఆ కూతురు బడికి వెళ్ళేది. పెద్దమ్మ కూడా వెంట వెళ్ళింది. టీచరమ్మ ఒక కాగితం ఇచ్చి, తండ్రి సంతకం తెస్తే చేర్చుకుంటానంది.

అప్పటికే తాతయ్య సెలవు అయిపోయి ఊరి నుంచి వచ్చేశాడని ఫూల్‌బాయి భర్త చెప్పాడు. రైలు దిగి నేరుగా డ్యూటీ ఎక్కాడట. ఇంటి వైపు కూడా రాలేదు.

పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని లోకో షెడ్డుకు నడిచి వెళ్ళింది. ఆ పొగలో, ఆ ఇంజిన్ల మధ్య, ఎనిమిదేళ్ళ పిల్ల.

తాతయ్య ఇంజిన్ దిగి వచ్చాడు. పిల్లను ఎగాదిగా చూశాడు.

"ఎవుల గుంటవే నువ్వు? ఇక్కడికి రాకూడదు. ఏటి కావాల?"

"నీ గుంటనే అయ్యా. పైడిని."

కన్నకూతుర్ని ఆయన పోల్చుకోలేదట. తర్వాత కాగితం తీసుకుని, వచ్చిన రెండక్షరాలతో సంతకం పెట్టాడు. కాగితం మీద బొగ్గు వేళ్ళ ముద్రలు పడ్డాయి.

ఆ తర్వాత తాతయ్య మారాడా అని అడిగాను.

"ఏటీ మారనేదే. బడి ఉంది, అది సాలు" అంది.

ఆరేడేళ్ళు గడిచాయి. అమ్మమ్మ పురిట్లో జ్వరం వచ్చి పోయింది, పుట్టిన బిడ్డా దక్కలేదు. రెండేళ్ళ మా అమ్మ మిగిలింది.

తాతయ్య ఆ పసిదాన్ని సొంతూళ్ళో తన చెల్లెలి దగ్గర వదిలేద్దామని బట్టలు మూటకట్టి స్టేషన్‌కు బయలుదేరాడు. బడి నుంచి వచ్చిన పెద్దమ్మకు ఫూల్‌బాయి చెప్పింది. పుస్తకాలు అక్కడే పడేసి పరుగెత్తింది.

ప్లాట్‌ఫాం మీద తాతయ్య చంకలోంచి బిడ్డను లాక్కుంది.

"అక్కడ దీన్ని ఎవులు సూస్తారయ్యా?"

"ఆలే సూస్తారు. నాకు డ్యూటీ ఉంది గదే."

"నన్నూ అలాగే వొగ్గేసినావు. దీన్ని నానొగ్గను."

జనమంతా చూస్తున్నారు. రైలు కదిలింది. తాతయ్య ఎక్కలేదు. మూట పట్టుకుని కూతుళ్ళ వెనకే ఇంటికి నడిచాడు.

మర్నాటి నుంచి మా అమ్మ కూడా బడికి వెళ్ళింది. అక్క పక్కన ఆఖరి బెంచీ మీద నిద్రపోయేది. టీచరమ్మ ఉండనిచ్చింది.

పెద్దమ్మ మెట్రిక్ పాసైంది. అదే బడిలో చిన్నపిల్లలకు టీచరైంది. మా అమ్మను చదివించింది, పెళ్ళి చేసింది, నన్నూ తమ్ముణ్ణీ తన చేతుల మీదే పెంచింది. తను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక నేదు" అనేది.

చివరి రోజుల్లో మంచాన పడ్డ తాతయ్యకూ తనే సేవ చేసింది. కోపం లేదా పెద్దమ్మా అని అడిగాను.

"ఉండేది. సాన్నాళ్ళుండేది. ఒకరోజు అన్నం కలిపి నోట్లో పెడతంటే నా సెయ్యి పట్టుకున్నాడు. 'నువ్వు తిన్నావేటే పైడీ' అన్నాడు. పుట్టి బుద్దెరిగినకాడ్నించి అయ్య ఆ మాట అడగ్గా అదే వినడం."

"నువ్వేమన్నావు?"

"తిన్నానయ్యా అన్నాను. తిననేదు. అయినా అలాగే సెప్పాను."

పెద్దమ్మా, వెళ్ళిరా. నువ్వు వెళ్ళిన చోట నీకు ఏ లోటూ లేకుండా, నీ ప్రాణం చల్లగా ఉండాలి.