పెళ్లి బన్నులకు కల్లు

మా అక్క భర్త, అంటే మా బావగారు, భవానీపురంలో సొంతంగా చిన్న బేకరీ పెట్టిన ఏడాది వేసవి అది. డెబ్బైల నడుమ. అంతకుముందు ఆయన వన్ టౌన్‌లో ఒక పాత బేకరీలో పిండి పిసికేవారు. సొంత బేకరీకి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు మా చర్చిలో జరిగే పెళ్లిది. విందుకు వచ్చేవాళ్లందరికీ బన్నులు చెయ్యాలి. అవి మెత్తగా వస్తే ఇక చర్చివాళ్ల పెళ్లిళ్లన్నీ ఆయనవే. గట్టిపడితే మళ్లీ పాత యజమాని గుమ్మం ఎక్కాలి. ఈ మాట అక్కతో అనలేక నాతో అన్నారు.

ఆ రోజుల్లో మా వైపు బన్ను పిండి పొంగడానికి కల్లు కలిపేవారు. బట్టీ వేడికి దాని వాసన కూడా మిగలదు. కానీ బావగారికి కల్లు రుచి తెలియదు, నాకూ తెలియదు. పాత బేకరీలో దాన్ని తెచ్చే పని వేరే అతనిది. ఉయ్యూరు దారిలో కాలవ గట్టు మీదున్న పాకలో దొరికే కల్లయితే పిండి బాగా పొంగుతుందని అతను చెబితే, పెళ్లి ముందురోజు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు, చేతిలో మూతున్న సత్తు క్యాను.

ఆ పాక గురించి డైరీలో చాలానే రాసుకున్నాను. వరసగా కుండలు, వాటి మూతుల చుట్టూ నురగ. తడిమట్టి వాసనలో కలిసిన పులుపు, వేగుతున్న చేపల ఘాటు. బల్లలు లేవు. అందరూ నేల మీదే గొంతుక్కూర్చుని, మడిచిన తాటాకు దొప్పల్లో తాగుతున్నారు. మమ్మల్ని చూసి కొందరు దొప్పలు వెనక్కి దాచుకున్నారు. కల్లు పోసే ఆవిడ కొంగు బిగించి లేచింది.

“అయ్యగార్లూ, ఇటొచ్చారేంటండీ? వాక్యం చెప్పి వీళ్లని మార్చడానికా?”

“కాదమ్మా. ఇంటికి కాస్త కల్లు కావాలి,” అన్నారు బావగారు గొంతు తగ్గించి. పెళ్లివాళ్ల చెవిన పడుతుందని బన్నుల సంగతి ఎత్తలేదు.

ఆవిడ ఇంకేమీ అడక్కుండా లోపల్నుంచి వేరే కుండ తెచ్చి క్యాను నింపింది.

“రుచి చూడండి అయ్యగారూ.”

“మేం తాగమమ్మా.”

“తాగరు గానీ మోసుకెళ్తారు!” అని మూలనుంచి ఒక ముసలాయన అనేసరికి పాకంతా నవ్వింది.

తిరుగు బస్సులో పక్క సీటు రైతు క్యాను మూత ఎత్తి చూశాడు. “కల్లేనా అండీ? ఈ ఎండకి ఈపాటికి మూత ఎగిరి మీ ఒళ్లో పడాలే! ఇది సున్నం కుండలోది. చలవని మా మనవడికి పడతాం.”

కుండ లోపల సున్నం పూస్తే కల్లు పులవదు, తియ్యగానే ఉంటుంది. పులవని కల్లు పిండిని పొంగించదు. కంకిపాడులో దిగి ఎదురు బస్సు పట్టుకున్నాం.

“దేవుడి మనుషుల్లా వచ్చారు, మీకు పుల్లది పోస్తానా?” అంది ఆవిడ. “ఇంట్లో ఎవరికో బాగోలేదనుకున్నా.”

బావగారికి ఇక దాచే వీలు లేకపోయింది. “బన్నుల్లోకమ్మా. రేపు పెళ్లి.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగదండీ!” నురగ కక్కుతున్న కుండలోంచి క్యాను నింపి, ఒక దొప్ప ఆయన చేతికిచ్చింది. “ఈసారి చూసి మరీ పట్టుకెళ్లండి. మళ్లీ నా మీదికి రావద్దు.”

ఏది నోట పెట్టుకున్నా ముందు ప్రార్థన చేసుకోవడం ఆయనకు అలవాటు. దొప్ప పట్టుకుని తల వంచి పెదవులు కదిపారు. తాగుతున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు తలగుడ్డలు తీశారు. ఆయన ఒక్క గుక్క మింగారు. మొహమంతా ముడుచుకుపోయింది.

“పుల్లగా ఉంది!” అన్నారు సంతోషంగా.

“ఆమెన్,” అన్నాడు మూలనున్న ముసలాయన.

దారి పొడుగునా ఆయన మూతను అరచేత్తో అదిమిపట్టి కూర్చున్నారు. వేళ్ల సందుల్లోంచి నురగ కారి తెల్ల పంచె తడిసిపోయినా చెయ్యి తియ్యలేదు. ఇప్పుడన్ని బేకరీల్లోనూ పిండి పొంగడానికి ఈస్టు పొడులే వాడుతున్నారు. ఆ బన్నుల్లో ఉండే కొంచెం పులుపు మళ్లీ నాకెక్కడా దొరకలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను వెళ్లేసరికి ఆయన పిండి తొట్టి ముందు నిలబడి ఉన్నారు. పైన కప్పిన తడిగుడ్డ ఉబ్బి తొట్టి అంచు దాటింది. గుడ్డ తీసి పిండిలో వేలు దింపారు. ఆ గుంట మెల్లగా పూడుకుంటూ పైకి లేచింది. కాసేపు దాన్నే చూసి, వెనక్కి తిరక్కుండానే అక్కను పిలిచారు.

“బట్టీ రాజెయ్యవే.”