అవును అనేదాకా

అద్దాల గోదాములో అతన్ని అందరూ చిలక మేస్త్రి అంటారు. ముక్కు వంకరని కాదు, చెప్పిన ప్రతి మాటా తిరిగి చెప్పించుకుంటాడని. నిలువెత్తు అద్దం ఎత్తే ముందు కూలీలిద్దరూ ఎవరి పని వాళ్లు పైకి అనాలి. "నేను వెనక్కి నడుస్తా." "నేను గుమ్మం దగ్గర ఆగుతా." మేస్త్రి "అవును" అన్నాకే చేతులు కదలాలి. "మా ఆవిడ కూడా ఇన్నిసార్లు చెప్పించుకోదు మేస్త్రీ!" అని నవ్వుతారు. అతను నవ్వడు. ఎప్పుడో అద్దం కోసిన మెడమీది మచ్చను బొటనవేలితో రుద్దుకుంటూ వింటాడు.

నిన్న కొత్త మేనేజరు గదిలోకి పిలిచాడు. "మీ పారాయణంతో లోడింగ్ ఆలస్యమైపోతోందయ్యా. రేపటి నుంచి రావక్కర్లేదు. ఆ గ్లవ్స్ ఇక్కడ పెట్టేసి వెళ్లండి," అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. మేస్త్రి ముఖంలో ఏమీ కదల్లేదు. "రేపటి నుంచి నేను రావక్కర్లేదు. గ్లవ్స్ ఇక్కడ పెట్టేసి వెళ్లాలి. అంతేనా సార్?" అన్నాడు. మేనేజరు తలెత్తి మొదటిసారి అతని ముఖం చూశాడు. బయట కూలీలిద్దరూ అద్దం పక్కన చేతులు దించుకుని ఎదురుచూస్తున్నారు. లోపల మేస్త్రి కూడా, విప్పిన గ్లవ్స్ పట్టుకుని, ఆ ఒక్క మాట కోసం అలాగే నిలబడ్డాడు.