మంచంకోళ్లకు పూసిన జాజు

మొన్న గవర్నర్‌పేటలో ఒక రంగుల కొట్టు ముందు జాజు బస్తాలు దించుతుంటే చినుకు పడింది. ఆ తడిసిన ఎర్రమట్టి వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

డెబ్బైలలో గన్నవరం అవతల కాలవగట్టు మీద మా ఇల్లు. తాతయ్య సంఘంలో వాక్యం చెప్పేవాడు. పాత మిషను బంగళాలో ఒక దొర దగ్గర తాను నేర్చుకున్న హెబ్రీ అక్షరాలను ఇసుకలో కుడినుంచి ఎడమకు నాచేత దిద్దించేవాడు. "ఆమేన్, హల్లెలూయ, హోసన్నా... మనం రోజూ అనేవి హెబ్రీ మాటలేరా. అది మన విశ్వాసానికి పుట్టింటి భాష" అనేవాడు. మామిడిపిందెలు రాలే ఎండల్లో, వేపపూత వాసన ఊరంతా కమ్మే రోజుల్లో పస్కా వచ్చేది. తాతయ్య దాన్ని పెసఖ్ అనేవాడు, దాటిపోవడమని అర్థం చెప్పేవాడు. పులియని గోధుమరొట్టె, వేటమాంసం, చేదుకూరల బదులు వేపపువ్వు. పక్కింటి సుబ్బమ్మగారు గోడమీంచి చూసి, "మా ఉగాది అయిపోయింది గదండీ, మీకింకా అవలేదా?" అని నవ్వేది.

దేవుని గొర్రెపిల్ల అయిన ప్రభువు రక్తం సిలువమీద ఒక్కసారే కారింది, ఇక కారనక్కర్లేదని తాతయ్య రక్తానికి బదులు ముంతలో జాజు కలిపేవాడు. వేపరెమ్మ ముంచి గుమ్మానికి రెండుపక్కలా, పైనా పూసేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆ ముంత నా చేతికిచ్చి, "మిగిలింది గేదెలపాకకు పెట్టి రారా. అక్కడా తొలిచూలు ఉంది" అన్నాడు. మా గేదె మొదటి ఈత దూడకు అప్పటికి పదిరోజులు.

నేనూ తొలిచూలునే. ఐగుప్తులో గుమ్మానికి గొర్రెపిల్ల రక్తం పూసిన ఇళ్లను మృత్యుదూత దాటిపోయి, పూయని ఇంటింటా పెద్దకొడుకూ, పశువుల తొలిచూలూ చచ్చిపోయిన సంగతి నాకు కంఠతా వచ్చు. ముంత అడుగున కొంచెమే ఉంది. ఎవరూ చూడకుండా లోపలికి వెళ్లి, దాన్నంతా నా మంచంకోళ్లు నాలుగింటికీ పూసేశాను.

పొద్దుగూకాక తలుపేసి, ఆ రాత్రే ఐగుప్తు విడిచి బయల్దేరేవాళ్లలా నడుములు బిగించుకుని, ఇంట్లోనే చెప్పులు తొడుక్కుని నిలబడి తిన్నాం. గాలి ఆగిపోయింది. కాలవలో కప్పలు కూడా అరవడం మానేశాయి. గుమ్మం ముందుకు ఎవరో నడిచివచ్చి, కాసేపు నిలబడి, పక్కకు తిరిగినట్టు ఎండుటాకులు నలిగాయి. ఆ చప్పుడు పాకవైపు వెళ్లింది. గేదె ఒక్కసారి అరిచింది.

"దూడకేమైందో, చూసొస్తాను మావయ్యగారూ" అంది అమ్మ.

"తెల్లారేదాకా గడప దాటకూడదమ్మా. పాకక్కూడా పెట్టించానుగా" అన్నాడు తాతయ్య.

నేను రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను.

పొద్దున దూడ నిద్రపోతున్నట్టే ఉంది. ఒంటిమీద గాటు లేదు, మూతిన నురగ లేదు. గేదె దాన్ని నాకుతూనే ఉంది. తాతయ్య పాక గుంజలు తడిమి చూశాడు. ఇంట్లోకి వచ్చి, నా మంచం పక్కన చతికిలబడి, కోటి మీది ఎరుపును వేలితో రుద్దాడు.

"గుమ్మానికి పెట్టింది చాలదనుకున్నావా?" అని మాత్రం అడిగాడు.

తరవాత కూడా ఆయన ఏటా పస్కా చేశాడు. ముంత మళ్లీ నా చేతికివ్వలేదు.

ఇప్పుడు ఆ ఇల్లూ పాకా లేవు. మా సంఘంలో పెసఖ్ అనే మాట తెలిసినవాళ్లూ లేరు. మంచం నా దగ్గరే ఉంది. సిలువమీది ఆ రక్తం చాలునని ఆదివారాలు సంఘంలో నేను నమ్మే చెబుతాను. అయినా ఏటా ఆ సాయంత్రం, తలుపేశాక బయట ఎండుటాకులు నలిగితే, నా చెయ్యి దానంతటదే మంచంకోటిని తడుముతుంది.