గుద్దిన చోటు, గుడ్లు పగిలిన చోటు

మా అక్క కమ్‌పున్ జీవితంలో సగం స్టీరింగు పట్టుకునే గడిచిపోయింది. బావ పోయాక, ఆయన కూరగాయలు తోలిన పికప్ బండికి పైకప్పు వేయించి, వెనక రెండు వైపులా బల్లలు బిగించి, 'బడి పిల్లలు' అని పసుపు రేకు మీద నల్లటి అక్షరాలతో రాయించింది. అప్పటినుంచి పొద్దున్నే మా ఊరి పిల్లల్ని ఎక్కించుకుని మిత్రఫాప్ హైవే మీదుగా బాన్‌ఫై బడిలో దింపడం, సాయంత్రం మళ్లీ ఎవరి గుమ్మం ముందు వాళ్లను దింపడం ఆమె పని. మొదట్లో ఎక్కిన పిల్లల పిల్లలు ఇప్పుడు ఎక్కుతున్నారు. ముక్కు కారేవాణ్ని, బూతులు మాట్లాడేవాణ్ని ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుంటుంది. మొదటివాడి ముక్కు తుడుస్తుంది, రెండోవాడి చెవి మెలిపెడుతుంది. చేతులు రెండే కాబట్టి ఎర్ర లైటు పడ్డప్పుడే ఈ పనులు.

నేను ఆమె చెల్లెల్ని, బువాలైని. ఆమె ఇంటి ఎదురుగానే పచ్చి బొప్పాయి దంచి అమ్మే కొట్టు నాది. నా చేతిలో రోకలి ఆగినా నోట్లో రోకలి ఆగదని ఊళ్లో అంటారు. అననివ్వండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అక్క నమ్మకం. నోరు లేకపోతే ఊరు మనల్ని అమ్మేస్తుందని నా నమ్మకం. ఇద్దరం ఒక తల్లి కడుపునే పుట్టాం మరి.

వానాకాలం చివర్లో ఒక ఉదయం, అక్క పిల్లల్ని బడిలో దింపి ఖాళీ బండితో తిరిగొస్తుంటే వెనకనుంచి గుడ్ల లారీ వచ్చి గుద్దింది. ఫోను రాగానే రోకలి అక్కడే పడేసి మోటారు సైకిలు మీద పరిగెత్తాను. కాలవ వంతెన దగ్గర రోడ్డంతా గుడ్లసొన. లారీ వంతెన గోడకు ఒరిగి ఉంది, అక్క బండి ముక్కు కాలవ గట్టులో గుచ్చుకుని ఉంది. జనం అప్పటికే చేరిపోయి, ప్రమాదంలో పడ్డ బండి నంబరుకు లాటరీ తగులుతుందని రెండు బండ్ల నంబర్లూ ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు. అందులో మా పినతండ్రి కొడుకూ ఉన్నాడు. "సిగ్గులేదురా?" అంటే, "అక్కకు ఏం కాలేదు కదే, అదృష్టమున్న నంబరు" అన్నాడు.

నిజంగానే ఏం కాలేదు. నుదుటి మీద బొప్పి, మెడ నొప్పి, అంతే. కానీ నేను బండి వెనక్కి వెళ్లి చూశాను. తలుపు దగ్గరి బల్ల చుట్ట చుట్టిన చాపలా ముడుచుకుపోయింది. అక్కడ కూర్చునేది చిన్న తరగతి పిల్లలు. దిగడానికి తేలిక అని అక్కే వాళ్లను అక్కడ కూర్చోబెడుతుంది. ఆ గుడ్లసొనలోనే మోకరిల్లి మూడుసార్లు దండం పెట్టాను. అంతకుముందు ఏ గుడిలోనూ అంత మనసుపెట్టి పెట్టలేదు.

బీమా మనిషి వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. వెనకనుంచి గుద్దినవాడిదే తప్పు, అందులో వాదన లేదు. లారీ నడిపిన ప్రయూన్ అనే అతను కూడా వాదించలేదు. నలభై లోపు మనిషి, కోరాట్ పట్నం వైపువాడు. గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నేను అతన్ని తిట్టాల్సినవి తిట్టి, మిగిలినవి ఫోనులో తిట్టడానికి నంబరు తీసుకున్నాను. వారం తిరక్కుండా పూలు, అగరొత్తులు, గుడ్ల అట్ట పట్టుకుని క్షమాపణ అడగడానికి ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే ఆపి, గుడ్లు తీసుకుని మనిషిని పంపించేశాను. మళ్లీ వచ్చినా అలాగే పంపించేదాన్ని, ఆ రోజు నా కడుపు మంట అలాంటిది.

ఆ వెంటే వచ్చిన బడి సెలవులు ముగిసేలోగా షెడ్డులో బండి బాగైంది. కొత్త బల్ల, కొత్త తలుపు, పసుపు రేకు కూడా కొత్తదే. బండి కోలుకుంది, మనిషి కోలుకోలేదు. అక్క తాళం చెవి పెట్టి తిప్పబోయేది, తిప్పకుండానే దిగి వచ్చేసేది. అన్నం ముద్ద చేసుకుని చేతిలోనే పట్టుకుని కూర్చునేది. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడేది. బడి తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. ఆ బండి లేకపోతే పిల్లలు ఒక్కో మోటారు సైకిలు మీద నలుగురేసి, అదే హైవే మీద, అవే లారీల మధ్య వెళ్లాలి. తల్లులు వచ్చి నెమ్మదిగా అడిగి వెళ్లేవారు. అక్క ప్రతి ఒక్కరికీ "నడుపుతానమ్మా" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

"ఖ్వాన్ జారిపోయిందే దానికి" అంది ఫెంగ్ అవ్వ. ఊళ్లో ఎవరు జడుసుకున్నా ఆవిడ దగ్గరికే వెళ్లాలి. గుండె ఝల్లుమన్న చోట ఖ్వాన్, అంటే మనిషిని అంటిపెట్టుకుని ఉండే జీవం, ఒంట్లోంచి జారి పడిపోతుంది, అక్కడే బిక్కుబిక్కుమంటూ తిరుగుతుంటుంది. చేపలు దేవే వెదురు బుట్ట తీసుకెళ్లి అక్కడే దేవి తెచ్చుకోవాలి. ఆలస్యం ఎందుకని మర్నాడే బయలుదేరాం. జిగటన్నం, ఉడికించిన గుడ్డు, తెల్ల నూలు దారం, అక్క కట్టుకున్న బట్ట ముక్క తీసుకున్నాం. మా అక్క కాలవ వంతెన దాకా నా మోటారు సైకిలు వెనక కళ్లు మూసుకునే వచ్చింది.

గోడ వారన ఇంకా గుడ్డు పెంకులు ఉన్నాయి. అవ్వ అక్కడే బుట్టతో గాలిని దేవింది. పిలిచింది. ఖ్వాన్ వస్తే గుడ్డు నున్నగా ఉండాలి. ఇంటికొచ్చాక ఒలిస్తే ఒక పక్క లోపలికి గుంటపడి ఉంది.

"రాలేదు" అంది అవ్వ.

"గుడ్డు మంచిది కాదేమో అవ్వా. వాడు తెచ్చిన గుడ్లలోదే అది" అన్నాను.

"గుడ్డుదేం తప్పు లేదు. వాడు గుద్దింది అక్కడేనా?"

"గుడ్లు అక్కడే కదా పగిలింది."

"నేనడిగింది గుడ్ల సంగతా? గుద్దిన చోటు అడిగాను."

అప్పుడు అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గుద్దాక రెండు బండ్లూ ఎంత దూరం ఈడ్చుకుపోయాయో ఎవరికి తెలుసు? ఊరంతా గుడ్లు పడ్డ చోటునే గుర్తు పెట్టుకుంది. ఎవరికి చెప్పినా 'గుడ్ల వంతెన దగ్గర' అనే చెప్పుకున్నాం.

"నీకు గుర్తులేదా అక్కా?"

"వెనకనుంచి కదే వచ్చింది. నాకు గుర్తున్నదల్లా కళ్లు తెరిచేసరికి రోడ్డంతా గుడ్లు" అంది అక్క.

చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. నేను పంపించేసినవాడు. అక్క నా ఫోను తీసుకుని తనే మాట్లాడింది. తిట్లన్నీ నేను ఇదివరకే వాడేశాను కాబట్టి ఆమెకు మంచి మాటలే మిగిలాయి.

ప్రయూన్ బస్సులో వచ్చాడు. చిక్కిపోయాడు. "లారీ ఏది?" అంటే, "నడపడం లేదమ్మా. ఫారంలో గుడ్లు ఏరుతున్నాను" అన్నాడు.

"అదే మంచిది. అక్కడ వెనకనుంచి గుద్దినా కోళ్లే కదా చచ్చేది" అన్నాను.

"బువాలై" అంది అక్క.

వంతెన దగ్గర దిగి అతను వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. రోడ్డు వారన గడ్డిలో అతను ముందు, బుట్ట పట్టుకుని అవ్వ, ఆమె వెనక మేమిద్దరం. వంతెన కనిపించనంత దూరం వచ్చేశాం. మొక్కజొన్న కంకులు ఉడకబెట్టి అమ్మే పాక ఒకటి వచ్చింది. దాని ముందు ఆగి రోడ్డు వైపు వేలు చూపించాడు.

"ఇక్కడ. బ్రేకు లైట్లు వెలిగాయి. కుక్క అడ్డమొచ్చింది, పసుపు రంగు కుక్క. మీరు ఆపారు, ఆపడం నావల్ల కాలేదు. పడుకుంటే ఇదే చోటు కనిపిస్తుందమ్మా నాకు."

అక్క ఆ చోటువైపు చూసింది. "కుక్క బతికిందా?" అంది.

"బతికింది. తిరిగి వచ్చి నన్ను చూసి మొరిగింది కూడా."

"దానికున్న బుద్ధి" అని నేను అనకుండా ఉండలేకపోయాను. కంకుల పాక ఆవిడ నవ్వింది. ఆ పసుపు కుక్క ఆవిడదే, బల్ల కింద పడుకుని ఉంది.

అవ్వ గడ్డిలో జిగటన్నం పెట్టి బుట్టతో దేవడం మొదలుపెట్టింది. లారీలు విసురుగా పోతుంటే ఆవిడ గొంతు వినపడీ వినపడకుండా ఉంది. "రావే తల్లీ, రా. ఎండలో ఉండకు, వానలో ఉండకు, లారీల మధ్య తిరగకు. ఇంట్లో అన్నం ఉంది, గుడ్డు ఉంది. నీ పిల్లలు బల్లల మీద ఎదురు చూస్తున్నారు. చెల్లెలి నోరే చెడ్డది, మనసు కాదు. రావే, ఇంటికొచ్చెయ్."

బుట్టను బట్ట ముక్కతో కప్పేసి, ప్రయూన్ వైపు తిరిగింది. "నీదో?"

"నాదేంటి అవ్వా?"

"నీ ఖ్వాన్. ఇక్కడే పడింది కదూ?"

"గుద్దినోడికి కూడా దేవుతావా అవ్వా?" అన్నాను.

"గుద్దినోడు జడుసుకోడా ఏం? నీలాంటి నోరున్నోళ్లకే ఖ్వాన్ జారదు, ఆ నోటికి భయపడి." మళ్లీ బుట్ట తెరిచి, అతని పేరు అడిగి, అతని కోసం కూడా పిలిచింది. అంత మగాడు రెండు చేతులు జోడించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అవ్వ గుడ్డు అక్కడే ఒలిచింది. నున్నగా, ఎక్కడా గుంట లేకుండా ఉంది. అక్క దాన్ని సగం చేసి ఒక సగం అతని చేతిలో పెట్టింది. ఖ్వాన్ మళ్లీ జారకుండా అతని మణికట్టుకు దారం కట్టింది. కడుతూ అప్పటిదాకా నాకు కూడా చెప్పని మాట చెప్పింది.

"ఆ రోజు నాకు మతిపోయింది బాబూ. పిల్లల్ని దింపేశానన్న సంగతే మరిచిపోయాను. పిల్లలు, పిల్లలు అని అరుస్తున్నాను. నువ్వు పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్లి చూసి వచ్చి నాకు చెప్పావు. 'ఖాళీ అమ్మా, ఖాళీ, ఒక్కరు కూడా లేరు' అన్నావు. నీ నుదుటినుంచి రక్తం కారుతోంది, అది కూడా తుడుచుకోలేదు. బతికుండగా నేను విన్న మాటల్లో అంత మంచి మాట లేదు. అది చెప్పింది నువ్వే. నీకు దండం పెట్టాలనుకున్నాను, మా చెల్లెలు గుమ్మం దాటనివ్వలేదు."

"నేను కూడా మీకే పెట్టాలమ్మా. మీరు పిల్లల్ని దింపేసి వచ్చారు" అన్నాడతను.

నేను కంకులు కొనే వంకతో పాకలోకి వెళ్లిపోయాను. నాకు నోరుంది కానీ ఇలాంటి చోట అది పనిచేయదు.

బడి తెరిచిన రోజు అక్క పొద్దున్నే తలంటుకుని, అద్దం దగ్గర కొత్త పూలదండ కట్టి, తాళం తిప్పింది. బండి అరిచింది. పిల్లలు అంతకన్నా గట్టిగా అరిచారు. ముక్కు కారేవాడి చోట్లో ఆ రోజు నేను కూర్చున్నాను, వాడు నా ఒళ్లో.

హైవే ఎక్కాక అక్క మాటిమాటికీ అద్దంలోకి చూస్తోంది. భయమేమో అనుకుని నేనూ వెనక్కి తిరిగి చూశాను. చాలా వెనక, రెండు దీపాలు వెలిగించుకుని గుడ్ల లారీ ఒకటి నిదానంగా వస్తోంది. మధ్యలో నాలుగు బండ్లు పట్టేంత ఖాళీ వదిలాడు. వెనకవాళ్లు హారన్లు కొట్టి తిడుతూ దాటిపోతున్నారు. అతను తొందరపడటం లేదు, ఇంకో లారీని మా వెనక్కి రానివ్వడం లేదు.

"ఎప్పుడు చెప్పావక్కా అతనికి?"

"నేను చెప్పలేదు. అతనే అడిగాడు, ఎన్నింటికి బయలుదేరతారు అని. లారీ మళ్లీ ఎక్కాలంటే మన వెనకే ఎక్కుతానన్నాడు."

"గుద్దడానికా?"

"ఊరుకోవే" అంది అక్క. నవ్వుతూనే అంది. కంకుల పాక దగ్గర నెమ్మది చేసి ఒకసారి హారను కొట్టింది. పసుపు కుక్క తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంది.

బడి గేటు దగ్గర పిల్లలు దూకుతూ దిగి లోపలికి పరిగెత్తారు. గుడ్ల లారీ మమ్మల్ని దాటుతూ చిన్నగా హారను కొట్టి బజారు వైపు మళ్లింది. అక్క దిగి బండి వెనక్కి వెళ్లింది. తలుపు దగ్గరి కొత్త బల్ల మీద ఒకసారి అరచేయి ఆనించి, అటు చివరనుంచి ఇటు చివరిదాకా తడిమి చూసుకుంది.

"పిల్లలు ఏమైనా మరిచిపోయారా?" అన్నాను.

"లేదే. ఖాళీ" అని తలుపు వేసింది.