వెనక్కి పంపిన తూకం మిషన్

కొన్నేళ్ళుగా దేవుడి ముందు కూర్చున్న ప్రతిసారీ ఒక మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ఆయనకు తెలియనిది కాదు. మనిషికి చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను.

కోకాపేటలో ఆహార పదార్థాలు పరీక్షించే చిన్న ల్యాబులో సామాన్లు తెప్పించే పని నాది. కాలేజీ గడప తొక్కలేదు. నాన్నే ఇంట్లో చదివించారు. అయినా ఉద్యోగం దొరికిందని ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

అక్కడికి లావణ్య వచ్చింది. కెమిస్ట్రీ చదివిన పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. కొన్నాళ్ళు పని చూసి పర్మినెంట్ చేస్తామన్నారు. ఆమెకు తగిన తూకం మిషన్ ఎంచమని మేనేజరు గారు నాకు అప్పగించారు. అమ్మేవాళ్ళు రెండు తెచ్చారు. ఒకటి బరువును పైకి చదివి చెబుతుంది. రెండోదానిలో పెద్ద అంకెలు వెలుగుతాయి. నా కళ్ళజోడు తీసి చూశాను. అంకెలు కనిపించాయి. ఇది చాలన్నాను.

నాకు మసకగానైనా కనిపిస్తుంది, ఆమెకు అసలు చూపే లేదు. ఆ తేడా నాకు తెలియదా? తెలుసు. అసలు సంగతి వేరు. పని చేస్తూ లోలోపల నామం చెప్పుకోవడం నా అలవాటు. రోజంతా ఒక యంత్రం పక్కన గ్రాములూ మిల్లీగ్రాములూ వల్లిస్తుంటే నా జపం చెదిరిపోతుందని, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా దాన్ని వెనక్కి పంపేశాను.

లావణ్య కొత్త మిషన్‌ను వేళ్ళతో తడిమింది.

“మాట్లాడేది దొరకలేదా అక్కా?”

“లేదమ్మా. వాళ్ళ దగ్గర లేదన్నారు.”

“పోనీ తియ్యి. మీరు సదివి చెప్తరు గద. మిషన్ అయితే నాతోని ముచ్చట పెడ్తదా ఏంది?” అని నవ్వింది.

చదివి చెప్పాను. ఒక్కసారీ విసుక్కోలేదు. జపం ఎలాగూ సాగలేదు. సేవ చేసే భాగ్యం ఇచ్చావని దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను. ఆడిన అబద్ధం కన్నా ఇప్పుడు నాకు దానికే ఎక్కువ సిగ్గు.

గడువు ముగిశాక మేనేజరు గారు నన్ను పిలిచి, ఎవరూ పక్కన లేకుండా ఆ అమ్మాయి తూచగలదా అని అడిగారు. లేదండి అన్నాను. ఎందుకు తూచలేకపోతోందో చెప్పలేదు. ఆమెను తీసేశారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఎంతో ఓపిగ్గా చూసుకున్నారంటూ నాకే థాంక్స్ చెప్పింది.

తర్వాత ఆమె కోసం వెతికానా? లేదు. కనిపిస్తే నిజం చెప్పాల్సి వస్తుందని భయం. ఇవాళ చెప్పాను, అదీ వినాల్సిన మనిషికి కాదు. క్షమించే హక్కు మీకు లేదు, అడిగే ముఖం నాకు లేదు. అయినా చివరిదాకా రాశాను.