పెద్దమ్మ అని పిలిచినందుకు

ఈ ఉదయం బడికి బయల్దేరబోతుంటే ఫోన్ మోగింది. "అత్తా, వొచ్చే గురువారం నాన్న కొత్త బోటు దింపుతన్నాడు. నువ్వు రాపోతే దింపడంట, ముందే సెప్పీమన్నాడు" అంది హార్బరు వీధిలోని మేనకోడలు. అలాగేనమ్మా అని ఫోన్ పెట్టేశాను. వెళ్ళి గోడ మీది క్యాలెండర్‌లో గురువారం నాడు బళ్ళో పరీక్షలేమైనా ఉన్నాయా అని చూశాను. లేవు. నమ్మకం కుదరక మళ్ళీ చూశాను. సోషల్ టీచరుగా ఇన్నేళ్ళు పనిచేశాక పరీక్షలు పెట్టడమే గానీ రాయడం ఎప్పుడో మానేశాను. అయినా గురువారం, కొత్త బోటు అన్న మాటలు పక్కపక్కన వినబడితే ఈనాటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. ఎందుకో చెప్పాలంటే నా చదువు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది గాజువాక. నాన్న స్టీలు ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసేవాడు. ఆయన దృష్టిలో ఈ లోకంలో నిద్రపట్టే ఉద్యోగం ఒక్కటే, బడి టీచరు. అందులోనూ సోషల్ టీచరు, ఎందుకంటే లెక్కలు తప్పినా అశోకుడు ఎక్కడికీ పోడని ఆయన ధీమా. బీఏ అయ్యాక యూనివర్సిటీలో హిస్టరీ సీటు కోసం వెళితే దొరికింది ఆంత్రోపాలజీ. తొంభైల నడిమి రోజులవి. ఆ పేరు మా వీధిలో ఎవరి నోరూ తిరగలేదు. మానవశాస్త్రం అని తెలుగులో చెబితే, డాక్టరీలో ఒక రకం అనుకుని ఎదురింటావిడ తన మోకాళ్ళ సంగతి మొదలుపెట్టింది. మొదటి ఏడాది మా ప్రాక్టికల్సు తలలు కొలవడం. నైట్ షిఫ్టు దిగి వచ్చిన నాన్నను కూర్చోబెట్టి పటకారులాంటి ఇనప పరికరంతో తల కొలిస్తే, మంగలి ముందు కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని, అయ్యాక "ఇది కొలిస్తే సోషల్ టీచర్ని సేత్తారా?" అని అడిగాడు. చేస్తారన్నాను. చేస్తారో లేదో నాకూ తెలీదు. ప్రతి ఆదివారం అదే ప్రశ్న, అదే జవాబు.

రెండో ఏడాది ఫీల్డ్‌వర్క్, అంటే ఒక వీధి మనుషుల మధ్య తిరిగి వాళ్ళ బతుకు రాసుకోవడం. నాకు ఫిషింగ్ హార్బరు పక్కన వీధి ఇచ్చారు. వాళ్ళతో వరస కలుపుకోండి, మనసులో మాత్రం కాస్త దూరం ఉంచుకోండి అని మా ప్రొఫెసరుగారి సలహా. నాకు దొరికిన ఇల్లు, ఎండుచేపల వ్యాపారం చేసే ఒక పెద్దావిడది. ముగ్గురు కొడుకులు, ఆడపిల్లలు లేరు. ఆవిణ్ణి ఏమని పిలవాలన్నది మా అమ్మకు పెద్ద బెంగ అయి కూర్చుంది. "అత్తా అనీగలవు. అత్తంటే ఆళ్ళ కొడుకులు నీకు బావలైపోతారు. పిన్ని అను, పెద్దమ్మ అను, ఏ గొడవా ఉండదు" అని బస్సెక్కేదాకా చెప్పింది. అందుకని పెద్దమ్మా అన్నాను. ఆవిడ చేపల మీది చెయ్యి తీయకుండానే నన్ను ఎగాదిగా చూసి, "ఆడపడుచు లేని కొంపకి ఒకర్తి దొరికినాది" అని నవ్వింది. ఆ మాటను నేను పట్టించుకోవాల్సినంతగా పట్టించుకోలేదు. నా థీసిస్‌లో మాత్రం ఒక అధ్యాయం నిండా, రక్తసంబంధం లేకుండా పిలుపుతో కలుపుకునే కల్పిత బంధుత్వం గురించి రాశాను. ఆ ఇంట్లో కొత్త బోటు నీళ్ళలోకి దిగాలంటే ఇంటి ఆడపడుచు మొదటి హారతి ఇవ్వాలని, అప్పటిదాకా ఎవరూ తాడు ముట్టరని కూడా రాశాను. ప్రొఫెసరుగారు ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టారు. పొంగిపోయాను.

ఆ తర్వాతి ఏడు బీఎడ్‌లో చేరాను. టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను వేసిన బడి ఆ హార్బరు వీధి చివరే. ఆరో తరగతిలో దాదాపు అందరూ ఆ వీధి పిల్లలే, వాళ్ళలో పెద్దమ్మ పెద్దకొడుకు కూతురొకతె. చివర్లో బయటి ఎగ్జామినర్ ఎదుట పాఠం చెప్పాలి, దాన్ని ఫైనల్ లెసన్ అంటారు. నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు. మనుషులు చెప్పేది వినడం రెండేళ్ళు నేర్చుకున్నాను, చెప్పడం ఎవరూ నేర్పలేదు. ఆ ఏడు టీచరు పోస్టులు పడతాయని ఊరంతా గుప్పుమంది. లెసన్ పోతే బీఎడ్ పోతుంది, బీఎడ్ పోతే పోస్టు పోతుంది, నాన్నకు ఆదివారం చెప్పే జవాబు అబద్ధమైపోతుంది. అన్నం ముందు కూర్చున్నా ఇదే గొలుసు. ఆ రోజుల్లోనే పెద్దమ్మ, "గురువారం పెద్దోడి బోటు దింపుతన్నాం, వొచ్చీ" అంది. సరే పెద్దమ్మా అన్నాను. ఇంటికొచ్చిపోయే కాలేజీ పిల్లను మర్యాదకు పిలుస్తారు కదా అనుకున్నాను. కాలేజీవాళ్ళు నా లెసన్‌కు అదే గురువారం ఇచ్చారు. ఇది పరీక్ష, అది ఫీల్డు. నా బుర్రలో ఆ రెండు గురువారాలూ ఒకదానికొకటి తగలనే లేదు.

ఆ పొద్దున బీఎడ్ యూనిఫాం చీర కట్టుకుని, చుట్టిన చార్టులు చంకన పెట్టుకుని క్లాసులోకి అడుగుపెట్టాను. మొదటి బెంచీలో నలుగురైదుగురు పిల్లలు. వెనకంతా ఖాళీ. హెడ్మాస్టారు కిటికీలోంచి చూసి, "హార్బర్లో బోటు దింపుతన్నారు కదమ్మా, ఈ వీధి పిల్లలు ఇయ్యాల బడికెలా వస్తారు? మీకు తెలీదేటి?" అన్నారు. తెలుసు. అధ్యాయమే రాశాను. ఖాళీ బెంచీలకు పాఠం చెప్పడానికి ఒప్పుకోరు, మళ్ళీ వచ్చే ఏడే. ఎగ్జామినర్ రావడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. చార్టులు బల్ల మీద పడేసి చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తాను. దారి పొడుగునా ఒకటే భయం, వేడుక మధ్యలో పోయి మీ పిల్లల్ని ఇవ్వండని ఏ మొహంతో అడగడం అని.

హార్బరు చేరేసరికి కొత్త రంగుల బోటు ఒడ్డునే ఉంది. జనమంతా ఊరికే నిలబడి ఉన్నారు. తాళ్ళు ఇసకలో పడున్నాయి. పెద్దమ్మ నడుం మీద చేతులేసుకుని నన్ను చూసింది. "ఏటే, ఇప్పుడా రావడం? వర్జెం వొచ్చేత్తందని పంతులుగారు ఒకటే గోల. నీకోసరమే ఆపీసినాం" అంది. నేను ఖాళీ క్లాసులో పిల్లల కోసం చూస్తున్నంతసేపూ వీధివీధంతా ఇక్కడ నా కోసం చూస్తోందన్నమాట. ఏడుపొచ్చేసింది. మర్చిపోయాను పెద్దమ్మా, నాకివాళ పరీక్ష, పిల్లలు లేకపోతే పరీక్ష లేదు అని ఎలాగో కూడబలుక్కుని చెప్పాను. "మర్సిపోతే మర్సిపోనావు, వొచ్చినావు కదా. ముందు ఆరతియ్యి, ఆనక పిల్లల్ని పట్టుకెల్లు" అని పళ్ళెం నా చేతిలో పెట్టింది. సముద్రం గాలికి కర్పూరం రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి ఆవిడే తన చేతులు అడ్డం పెట్టింది. పెద్దన్నయ్య తాడు అందుకున్నాడు, అందరూ ఒక్క కేక పెట్టి లాగారు, బోటు నీళ్ళలోకి జారింది. ఆయన ఆ కేకతోనే చేపలకు ఐసు తెచ్చే వ్యాను డ్రైవరును పిలిచి, "బావా, ఈళ్ళని బళ్ళో దింపీసి రా" అన్నాడు. తడిసిన లాగులతో, పసుపు బొట్లతో, నోట్లో లడ్డూలతో మిగతా ఆరో తరగతి మొత్తం ఆ వ్యాను ఎక్కింది. చలికి పళ్ళు టకటకలాడుతుంటే వాళ్ళు నవ్వుతున్నారు, నేను పాఠం గుర్తుచేసుకుంటున్నాను.

ఎగ్జామినర్ అప్పటికే వెనక బెంచీలో కూర్చున్నారు. నన్ను చూసి గడియారం చూసుకున్నారు. పాఠం పేరు కుటుంబం. పరుగెత్తిన ఆయాసానికో ఏమో నా గొంతు చివరి బెంచీదాకా వెళ్ళింది. అంతా బాగానే నడుస్తోందనుకునేసరికి ఆయన లేచి, పెద్దమ్మ మనవరాలినే చూపించి, మీ ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పమన్నారు. "నాయనమ్మ, అమ్మ, నాన్న, ఇద్దరు సిన్నాన్నలు, మా అత్త" అంది అది. అత్త ఎక్కడుంటుందన్నారు. "ఇదుగోనండి, పాటం సెప్తంది" అని నన్ను చూపించింది. క్లాసంతా కిసుక్కుమంది, నాకు కొత్త భయం పట్టుకుంది. క్రితం ఏడు తెలిసిన పిల్లలకు ముందే జవాబులు నేర్పిందని ఒకామెను ఫెయిలు చేశారని కాలేజీలో చెప్పుకునేవాళ్ళు. ఆయన కళ్ళద్దాలు తీసి, "మీ అన్నగారి అమ్మాయా?" అన్నారు. కాదండీ, అది ఫీల్డ్‌వర్క్ కోసం కలుపుకున్న వరస అంటే గండం గడుస్తుంది. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది కూడా. ఆ పిల్ల తడి జుట్టుతో, కళ్ళు ఇంత చేసుకుని నా వైపే చూస్తోంది. "అవునండి, మా పెద్దన్నయ్య కూతురు" అన్నాను.

ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నారు. ఆ రాతేమిటో తెలిసేదాకా, అంటే ఫలితాలు వచ్చేదాకా, నేను సరిగ్గా నిద్రపోలేదు. ఫస్టు క్లాసు రాలేదు గానీ గట్టెక్కాను. పోస్టు వెంటనే రాలేదు, ఇంకో ప్రయత్నం పట్టింది. వచ్చిన రోజు నాన్న వీధిలో అందరినీ ఆపి మరీ, తల కొలిపించుకున్నది ఊరికే పోలేదని చెప్పాడు.

ఇందాక సెలవు అడిగితే మా హెడ్మిస్ట్రెస్, ఫంక్షన్ ఎవరిదని అడిగింది. మా అన్నయ్యదన్నాను. నాన్న పోయాడు, కర్పూరానికి చేతులు అడ్డం పెట్టిన పెద్దమ్మా పోయింది, నేనేం చదివానో ఇప్పుడెవరూ అడగరు. ఒక్క ఏడాది అవసరానికని, అదీ ఏ గొడవా ఉండదని, ఎంచుకుని పెద్దమ్మా అని పిలిచిన పిలుపు అది. పాతికేళ్ళు దాటినా ఆ ఒడ్డున ఇంకా నేను వచ్చేదాకా ఎవరూ తాడు ముట్టడం లేదు.