నామం తెగని వేగం
కార్తీకమంతా గుడిలో పారాయణం, ఒంటిపూట భోజనం. మారథాన్ కోసం మొదలుపెట్టిన పరుగు నాలుగు వారాలు ఆగిపోయింది. ఆ లోటంతా ఒక్కరోజే పూడ్చాలని మిర్యాలగూడ నుంచి వేములపల్లి వైపు కాలువ కట్ట మీద పరుగెత్తాను. పిక్కలు పట్టేసి ఆటోలో తిరిగొచ్చాను.

సాయంత్రం మా భజన పెద్దాయన నా కుంటినడక చూసి నవ్వారు.

"పారాయణం నాలుగు రోజులు తప్పితే, ఐదోనాడు అన్ని అధ్యాయాలు ఒక్క గుక్కల సదువుతవా? ఆగిన కాడ్నుంచే పట్టుకో బిడ్డా."

"గట్లయితే పోటీ నాటికి నలభై రెండు కిలోమీటర్లు ఉరుకుడు నాతోని కాదు పెద్దయ్యా."

"సగమే ఉరుకు. దేవుడేమన్న టేపు పట్టుకొని కూసున్నడా?"

మర్నాడే హాఫ్ మారథాన్‌కు మారాను. ఇప్పుడు రామనామం పైకి అనగలిగినంత వేగంతోనే పరుగెత్తుతాను, నామం తెగితే నడుస్తాను. ఈ ఉదయం వేములపల్లి దాకా ఒక్కసారీ తెగలేదు.